అలల బండ కోసం గండికోట దారిలో

మా పెరట్లో బావి పక్కన ఒక ఉతుకుడు బండ ఉంది. ఎర్రరాయి. ఒక అంచు నుంచి మరో అంచు దాకా దాని మీద వేలి మందం అలలు వరసగా ఉంటాయి. మా వారు జమ్మలమడుగులో ఉద్యోగం చేసిన రోజుల్లో కొన్నది. కాపురం కర్నూలుకు మార్చినప్పుడు మంచాలు, పెట్టెలతోపాటు లారీలో వచ్చింది. నున్నటి కడప బండ మీద సబ్బు రాసిన బట్ట జారిపోతుంది. ఈ అలల మీద రుద్దితే మురికి తొందరగా వదులుతుంది. ఆ వైపు గనుల్లో ఇలాంటి రాయి తగిలితే ఇళ్లు కట్టేవాళ్లు తీసుకోరు, నేల సమంగా కుదరదు కనుక. ఉతుకుడు బండ కింద తక్కువ ధరకు అమ్మేస్తారు.

నా మనవరాలు సుభద్ర ఈ బండ మీద కూర్చునే పెరిగింది. తొమ్మిదేళ్ల వయసులో ఒకనాడు, “ఈ గీతలు ఎవరు చెక్కినారు జేజీ?” అని అడిగింది. ఎవరూ చెక్కలేదని చెప్పాను. ఒకప్పుడు ఇది లోతు తక్కువ నీళ్ల కింది ఇసుక. పైన అల కదిలితే కింద ఇసుక ఇలా మడతలు పడింది. దాని మీద మరో ఇసుక పొర పడింది. రెండూ రాళ్లయ్యాయి. అల పోయింది, గుర్తు మిగిలింది. ఇదంతా ఎప్పుడని అడిగితే, మనుషులే కాదు, చేపలు కూడా పుట్టకముందని పుస్తకాల్లో రాశారని చెప్పాను. నేను ముప్పై ఏళ్లు బాలికల పాఠశాలలో పాఠాలు చెప్పినదాన్ని. తెలిసింది చెప్పడం, తెలియనిది తెలియదనడం నాకు అలవాటు. సుభద్ర ఆ సాయంత్రమంతా బండ మీదే కూర్చుంది. మరునాడు పొద్దున పళ్లు తోముకుంటూ, “అయితే చందమామ మీద ఉతుకుడు బండలు ఉంటాయా జేజీ?” అంది. అక్కడ నీళ్లు లేవంటున్నారు, ఉండవని చెప్పాను. “మరి కుజుడి మీద?” అంది. తెలియదన్నాను. ఆ జవాబు దానికి చాలా నచ్చింది.

అప్పటి నుంచి వాన వెలిసినప్పుడల్లా ఆ బండ దగ్గరకు పరుగెత్తేది. అలల మధ్య పల్లాల్లో నీళ్లు సన్నటి గీతలుగా నిలిచి ఉండేవి. “సముద్రం మళ్లీ వచ్చినాది, ఎవరూ బట్టలు ఉతకొద్దు!” అని ఇల్లంతా కేకలు పెట్టేది. ఏడాదిన్నర కిందట కుజుడు భూమికి బాగా దగ్గరగా వచ్చినప్పుడు మిద్దె మీదికెక్కి రోజూ చూసేవాళ్లం. పండిన మిరపకాయ రంగులో ఉండేవాడు. ఆ గ్రహం మీద గీతలు ఉన్నాయనీ, అవి కాలవలేమోననీ పత్రికల్లో రాసేవారు. సుభద్ర అన్నీ చదివి, “కాలవలు తవ్వినారో లేదో మనకెందుకు జేజీ? ఆడ ఒక్క ఉతుకుడు బండ దొరికితే చాలు. నీళ్లుండేవని తెలిసిపోతాది” అంది. ముప్పై ఏళ్లలో నేను దిద్దిన జవాబుల్లో అంత పొదుపైనది లేదు. పిల్ల జాతకంలో కుజదోషం ఉందని మా కోడలు జానకి దిగులు పడేది. సుభద్ర నవ్వేది. “ఆయన నా జాతకంలో కూర్చున్నాడు. నేను ఆయన జాతకం చూస్తాండా. చెల్లుకు చెల్లు.”

కిందటి మాఘమాసంలో సన్నిపాత జ్వరం వచ్చి మూడు వారాలుండి ఆ పిల్ల పోయింది. దానికి పదమూడేళ్లు. అక్టోబరులో రష్యావాళ్లు కృత్రిమ చంద్రుణ్ణి ఎగరవేశారని రేడియోలో చెప్పినప్పుడు, వంటింట్లో ఉన్న జానకి స్టవ్ ఆర్పి పెరట్లోకి వెళ్లిపోయింది. పిల్లను కుజుడే తీసుకుపోయాడని ఇరుగుపొరుగు అన్నారు. నేను వాళ్లతో వాదించలేదు. ఆ ఇళ్లకు పోవడం మానుకున్నాను.

మా వంశంలో పెళ్లికాని పిల్లలను పూడ్చిపెడతాం. సంవత్సరం తిరిగేలోగా మీద బండ వేయాలి. ఆ మాట వచ్చినప్పుడు జానకి, “అత్తా, దాని మీద అలల బండే వేయాల. వాన కురిస్తే ఆ నీళ్లు దాంట్లో నిలవాల” అంది. ఈ ఏడాదిలో ఆమె నోరు తెరిచి అడిగిన కోరిక అదొక్కటే. పెరట్లో ఉన్నదే తీసి వేద్దామని వెళ్లి చూశాను. ఇన్నేళ్ల ఉతుకులకు నడుమ భాగం అరిగిపోయి, అంచుల్లో మాత్రమే అలలు మిగిలాయి. నీళ్లు పోస్తే జారిపోతున్నాయి. కొత్తది తేవాలి. రాజధాని హైదరాబాదుకు తరలినప్పుడు మా అబ్బాయి ఉద్యోగం కూడా అక్కడికే పోయింది. సంవత్సరీకానికి తప్ప సెలవు దొరకదన్నాడు. అందుకని నేనే బయలుదేరాను. గండికోట చూడాలనుకునేవాళ్లకు కూడా ఇదే దారి కనుక, వివరాలు రాస్తున్నాను.

మంగళవారం ప్రయాణం కూడదంటారు. అందువల్ల మంగళవారం బస్సులో చోటు బాగా దొరుకుతుంది. కర్నూలు బస్టాండు నుంచి ఉదయం ఆరున్నరకు కడప బస్సు బయలుదేరుతుంది. ప్రొద్దుటూరు పోయేవాళ్లు మైదుకూరులో దిగి మారాలి. మైదుకూరుకు నాలుగు రూపాయలు తీసుకున్నాడు. చిల్లర కొత్త నయాపైసల్లో ఇస్తే మీరూ లెక్క చూసుకోండి, కండక్టర్లకు ఇంకా అలవాటు కాలేదు. ఓర్వకల్లు దగ్గర దారి పక్కన పెద్ద పెద్ద రాళ్లు గాలికీ వానకూ అరిగి, ఎవరూ ఊహించలేని ఆకారాల్లో నిలబడి ఉంటాయి. సుభద్ర ఆ దారిన వస్తే బస్సు ఆపమనేది. నంద్యాలలో అరగంట ఆగుతుంది. ఉగ్గాని, బజ్జీ, కాఫీ కలిపి ఆరణాలు. అక్కడి నుంచి కొంత దూరం కాలవ తోడుగా వస్తుంది, కళ్లకు పచ్చదనం తగులుతుంది. ఆళ్లగడ్డ, చాగలమర్రి దాటాక నేల మళ్లీ ఎండుతుంది. మైదుకూరులో బస్సు మారి, ప్రొద్దుటూరు చేరేసరికి మధ్యాహ్నం మూడయింది.

బస్టాండు వెనక పూటకూళ్లింట్లో భోజనం చేశాను. శుభ్రంగా ఉంది. రాగి సంకటి, ఊరుబిండి, పలచటి పప్పు, మజ్జిగ, అన్నీ పన్నెండణాలు. వడ్డించే ఆవిడ నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని రెండుసార్లు తొంగి చూసింది.

“ఒక్కదానివే వచ్చినావా పెద్దమ్మా? మగదిక్కు యాడ?”

“మగదిక్కుకు సెలవు లేదు.”

“అట్లయితే ఇంకో ముద్ద ఎయ్యాల నీకి. మగోళ్ల పని చేసేటప్పుడు మగోళ్ల తిండి తినాల” అని, వద్దంటున్నా విస్తట్లో వేసి పోయింది. పారేయడం నాకు ఇష్టం ఉండదు కనుక తిన్నాను. ఆ రాత్రికి సత్రంలో ఉన్నాను. ఆడవాళ్లకు వేరే గది ఉంది, తాళం మాత్రం మనదే తీసుకుపోవాలి.

బుధవారం ఉదయం మొదటి బస్సుకు జమ్మలమడుగు చేరాను. గంట ప్రయాణం. అక్కడ జట్కాలు దొరుకుతాయి. మస్తాన్ అనే అతను బండల గనికి, అక్కడి నుంచి గండికోటకు, మళ్లీ సాయంత్రం ఊళ్లోకి తెచ్చి దింపడానికి ఆరు రూపాయలు అడిగి, ఐదుకు ఒప్పుకున్నాడు. నడివయసు మనిషి. గుర్రంతో ఉర్దూలోనూ, నాతో తెలుగులోనూ ఆపకుండా మాట్లాడేవాడు.

“బండ కొనేదానికి కర్నూలు నుంచి వస్తిరా పెద్దమ్మా? కర్నూల్లో రాళ్లకేం కరువు? మా రాయలసీమలో దేవుడు నీళ్లు మర్చిపోయి రాళ్లు రెండుసార్లు పంచినాడు గదా.”

“నాకు కావలసిన రాయి ఇక్కడే ఉంది.”

“రాయిలో గూడా ఈ రాయి, ఆ రాయి అని ఉంటాదా!” అని గుర్రాన్ని అడిగాడు.

గని కొండ మొదట్లో ఉంది. నల్ల బండలు ఒకవైపు, వాటికి కొంచెం పైన ఎర్రరాయి. పొరకూ పొరకూ మధ్య ఉలి పెట్టి మెల్లగా కొడుతూ పోతారు. ఒకచోట సందు కనబడగానే గునపం దూర్చి, రొట్టెను పెనం మీద నుంచి లేపినట్టు బండను లేపుతారు. అక్కడ పని చూసే మేస్త్రీ ఓబన్న. అరవై ఏళ్లుంటాయి. అలల బండ కావాలన్నాను. వెతికి, రెండు పాతవి చూపించాడు. రెండూ పగిలినవే. నా ముఖం చూసి, ఇద్దరు మనుషులను పిలిచి కొత్త పొర ఒకటి లేపించాడు. పై పొర లేచేటప్పుడు ముక్కలైపోయింది. కింద మాత్రం మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు బండ, ఒక అంచు నుంచి మరో అంచు దాకా చెక్కుచెదరని అలలతో బయటపడింది. ఇసుక రేణువులు ఎండలో మెరిశాయి. మా పెరటి బండ మీది అలలు అరిగిన అలలని నాకు అప్పుడు తెలిసింది. ఇవి నిన్న సాయంత్రం నీళ్లు వెనక్కు తగ్గితే మిగిలినట్టు పదునుగా ఉన్నాయి. పైన పొర పడ్డ రోజు తరువాత వాటి మీద వెలుతురు పడడం అదే మొదలు. చేత్తో తాకితే చల్లగా ఉన్నాయి. సుభద్ర అయితే ముందు వాసన చూసేది. చుట్టూ మగవాళ్లు ఉన్నారని నేను ఆ పని చేయలేదు.

“ఉతుకుడు బండకేనా అమ్మా?” అన్నాడు ఓబన్న.

“కాదు. మా మనవరాలి సమాధి మీదికి.”

అతను తలగుడ్డ తీసేశాడు. “ఎన్నేండ్ల బిడ్డమ్మా?”

“పదమూడు.”

బండ చుట్టూ ఒకసారి తిరిగాడు. “మీరు కోట చూసి రాపోండమ్మా. సాయంత్రానికి అంచులు కొట్టి, లారీకి ఎక్కించేటట్టుగా చేసి పెడతా. బండ సంగతి నాకు ఇడిసిపెట్టండి” అన్నాడు. ధర పద్దెనిమిది రూపాయలు చెప్పాడు. బేరం ఆడబుద్ధి కాలేదు, ఇచ్చేశాను.

గని నుంచి గండికోటకు దారి బాగుండదు. చివరి మైలు దిగి నడవడం మేలు, గుర్రానికీ మన నడుముకూ కూడా. కోట వాకిలి దాటి, పాడుబడిన గోడల మధ్య నుంచి పోతే, ఒక్కసారిగా నేల ఆగిపోతుంది. ఎదురుగా అగాధం. రెండు వైపులా ఎర్రటి రాతి గోడలు, వరస మీద వరసగా పేర్చినట్టు నిలబడి ఉంటాయి. అట్టడుగున పెన్న, ఆరవేసిన చీర అంచంత సన్నగా కనిపిస్తుంది. చిన్న పిల్లలను వెంట తీసుకుపోయేవాళ్లు చెయ్యి వదలకండి, అంచుకు అడ్డం ఏమీ లేదు. మధ్యాహ్నం ఎండలో అక్కడ ఒక చెట్టు నీడ కూడా సరిగా లేదు. గాలి తప్ప చప్పుడు లేదు. మనిషి అడుగు పడని మరో లోకం అంచున నిలబడ్డానేమో అనిపించింది. కుజుడి మీద నేల ఎలా ఉంటుందో నాకు తెలియదు, రాసినవాళ్లకూ తెలియదు. కానీ ఆ పిల్ల మిద్దె మీద కళ్లు మూసుకుని, “అంతా ఎర్రగా ఉండాది జేజీ. ఒక పెద్ద లోయ. అడుగున ఎవరూ లేరు. రాళ్లు మాత్రం నీళ్ల సంగతి మాట్లాడుకుంటాండాయి” అని చెప్పింది ఈ చోటునే. గండికోట అది ఎన్నడూ చూడలేదు.

నేను కూర్చున్న రాతి మెట్టు మీద కూడా అలలు ఉన్నాయి. కోట కట్టినవాళ్లు చూసి పెట్టారో, చూడకుండా పెట్టారో. వాటిని మస్తాన్‌కు చూపించి, ఇక్కడ ఒకప్పుడు సముద్రం ఉండేదని చెప్పాను. అతను లోయలోకి చూసి, నన్ను చూసి, నవ్వాడు.

“ఈడ సముద్రమా! మా నాయన కాలం నుంచి ఒక కడవ నీళ్లకు కొట్లాడుకుంటాండాం పెద్దమ్మా. సముద్రం ఉండింటే ఎవడు ఎత్తుకపాయ?”

నాకూ నవ్వు వచ్చింది. ఏడాది తరువాత అదే మొదటిసారేమో. ఆ నవ్వు ఆగాక, అడగకపోయినా, సుభద్ర సంగతి చెప్పాను. ఉతుకుడు బండ సంగతి, కుజుడి సంగతి, వాన నీళ్లు అలల్లో నిలవాలని వాళ్లమ్మ కోరిన సంగతి. మస్తాన్ నేల మీద గొంతుక్కూర్చుని అంతా విన్నాడు. “దాని మీద సముద్రం నిలబెట్టాలని వచ్చినావా తల్లీ” అన్నాడు. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

అయిదు గంటలకు గనికి తిరిగి వచ్చాం. ఓబన్న ఎదురు వచ్చి, గౌరవంగా పక్కకు నిలబడి చూపించాడు. రెండు దిమ్మెల మీద ఎర్ర బండ ఉంది. కడిగి ఉంది. అంచులు తిన్నగా, మూలలు గుండ్రంగా తీర్చి ఉన్నాయి. పైభాగం అద్దంలా ఉంది. ఒక్క అల లేదు.

మొదట అది వేరే బండ అనుకున్నాను. పక్కన ఎర్రటి పొడి కుప్పగా పోసి ఉంది. ఓబన్న చెంబు తీసుకుని, “సూడండమ్మా” అని నీళ్లు పోశాడు. నీళ్లు ఒక క్షణం కూడా ఆగకుండా కాళ్లవైపు అంచుకు జారి కింద పడిపోయాయి. “సన్నంగా వాలు పెట్టినా. ఒక్క సుక్క నిలబడదు. బిడ్డ మీద వాన నీళ్లు నిలవగూడదు గదమ్మా, సలి పుడతాది.” అతని చేతులు, కనుబొమ్మలు, మీసాలు ఎర్రటి పొడితో నిండి ఉన్నాయి. మధ్యాహ్నం కూటికి కూడా లేవలేదని పక్కనున్న మనిషి చెప్పాడు.

నేను ఆ పొడి కుప్ప దగ్గరకు వెళ్లి నిలబడ్డాను. మస్తాన్ మాత్రం ఊరుకోలేదు. “ఏం పని చేస్తివన్నా! ఆ అలల కోసరమే గదా పెద్దమ్మ కర్నూలు నుంచి వచ్చినాది!”

“అలలకా?” ఓబన్న మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. “సమాధికి అలల బండ ఎవురేస్తారప్పా? అది ఉతుకుడు బండ. అగ్గువ బండ. దుడ్లు సాలక అడుగుతాండారేమో అనుకుంటి. పెద్ద మనిషి, నోరు తెరిచి చెప్పుకోలేక... బిడ్డ మీద ఉతుకుడు బండ ఎయ్యడమేందని, మంచి బండ మాదిరి చేస్తినమ్మా.” అతని గొంతు తగ్గిపోయింది. “తప్పు చేస్తినా?”

పొరపాటు ఎక్కడుందో నాకు అర్థమైంది. ఆ ప్రాంతంలో ఏ మేస్త్రీ అయినా ఆ మాట విని అదే పని చేసేవాడు. మంచి మేస్త్రీ అయితే అంత శ్రద్ధగా చేసేవాడు. నేను సమాధి అన్నాను, అలలు ఉండాలని అనలేదు. అలల బండ అడిగినవాళ్లకు అలలే కావాలని వేరే చెప్పాలని నాకు తోచలేదు. అతని దగ్గర కూర్చుని మస్తాన్‌కు చెప్పిందంతా మళ్లీ చెప్పాను. ఈసారి కష్టమైంది. వింటూ వింటూ ఓబన్న అరచేతులతో బండను నెమ్మదిగా నిమిరాడు, నునుపు తీసినచోట అలలు మళ్లీ మొలుస్తాయేమోనన్నట్టు.

ఇంకొకటి లేపడానికి వీలుందా అని అడిగాను. ఆ పొర అక్కడితో అయిపోయిందనీ, పైన మట్టి తీసి మందు పెట్టి పేల్చాలంటే నెల పడుతుందనీ అన్నాడు. సంవత్సరీకం ఆదివారం. అప్పుడు అతను సుత్తి తీసుకుని బండ అంచు మీద రెండుమూడు చోట్ల మెల్లగా తట్టి, చెవి ఆనించి విన్నాడు.

“లోపల ఇంకో పొర ఉండాదమ్మా. ఈ కొండలో పొరకొక అల ఉంటాది. ఇప్పితే బయటపడొచ్చు. కానీ నేను సెక్కి సెక్కి సన్నం చేస్తి. పలిగినా పలగొచ్చు.” ఉలి చేతిలోకి తీసుకున్నాడు. “మీరు ఊ అంటే చేస్తా. అంటే గానీ చెయ్యను.”

ఉలి మొన అంచు మీద ఉంది. జానకి ముఖం గుర్తొచ్చింది. విప్పి, అది పగిలితే, ఆమెకు ముక్కలు తీసుకుపోవాలి. విప్పకపోతే, నున్నటి బండ తీసుకుపోవాలి. నా జీవితంలో చాలా నిర్ణయాలు తొందరగా తీసుకున్నాను. ఇది తీసుకోవడానికి పొద్దు కొండ వెనక్కు పోయేంతసేపు పట్టింది.

“వద్దు ఓబన్నా. లోపలే ఉండనీ” అన్నాను.

చెక్కిన కూలి ఎంతని అడిగితే, అతను చెవులు మూసుకున్నాడు. నేను బలవంతపెట్టలేదు. కొన్నిచోట్ల లెక్క సరిచేయాలనుకోవడం ఎదుటివాళ్లను కొట్టడమే అవుతుంది.

గని నుంచి కర్నూలుకు వారానికి రెండు లారీలు బండలు వేసుకుని పోతాయి. గురువారం పొద్దున ఒకదానిలో నాకూ ముందు సీట్లో చోటు ఇప్పించారు. బండకు మూడు రూపాయలు, మనిషికి రెండు. డ్రైవరు మంచివాడు, కాని గుంతల దగ్గర నిదానించడు. గట్టు ఎక్కినప్పుడల్లా నేను వెనక్కు తిరిగి చూస్తుంటే, “మీ బండకేం కాదమ్మా, గడ్డిలో పండుకోనుండాది. ఎగిరిపడేది మనమే” అన్నాడు. సాయంత్రానికి ఇల్లు చేరాను.

జానకి వాకిట్లోనే ఉంది. లారీ మీద నుంచి బండను దింపి, మీది గడ్డి తీసేసరికి దగ్గరకు వచ్చింది. వంగి, కళ్లతో కాదు, చేత్తో చూసింది. ఆ చివర నుంచి ఈ చివరకు. మళ్లీ ఈ చివర నుంచి ఆ చివరకు.

“అలలు యాడ అత్తా?”

లారీవాళ్లు వెళ్లేదాకా ఆగి, ఏమీ దాచకుండా అన్నీ చెప్పాను. ఓబన్న ఏమనుకున్నాడో, మధ్యాహ్నం తిండి మాని ఎందుకు చెక్కాడో, చివర నేను ఎందుకు విప్పనివ్వలేదో. కోపం వస్తే నా మీదనే రావాలని, అతని మాటలు అతని మాటల్లోనే చెప్పాను. జానకి లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి పోసింది. వాలుకు జారిపోయాయి. మళ్లీ పోసింది. మళ్లీ జారిపోయాయి. మూడోసారి పోయలేదు. తడి బండ మీద అరచెయ్యి ఆనించి అలాగే కూర్చుంది.

“లోపల ఉండాయా?”

“ఉన్నాయి.”

“మీరు చూసినారా?”

“చూడలేదు.”

తల ఊపింది. “మన బిడ్డా అంతే గదా అత్తా. చూడకనే ఉండాది అని చెప్పేది.” అప్పుడు ఏడ్చింది. ఏడాదిగా ఏడవని ఏడుపు. నేను పక్కన కూర్చున్నాను. ఆదివారం మా అబ్బాయి వచ్చాడు. ముగ్గురం నిలబడి బండ వేయించాం.

గండికోట పోయి వచ్చి ఇది రాస్తున్నప్పుడు, ఆ లోయకన్నా ఆ గనిలోని ఎర్ర పొడి కుప్పే ఎక్కువగా గుర్తొస్తోంది. చేపలు పుట్టకముందటి ఒక సాయంత్రం అందులో పొడైపోయింది, ఒక మంచి మనిషి చేతుల్లో, ప్రేమతో. ఇప్పుడు మనుషులు చంద్రుళ్లను తయారుచేసి ఎగరవేస్తున్నారు. నేను చూడకపోవచ్చు గాని, ఒకనాటికి ఎవరో ఒకరు కుజుడి మీద దిగుతారు. అక్కడి రాయి నున్నగా కనిపిస్తే, ఇక్కడ నీళ్లు ఎన్నడూ లేవని వెంటనే రాసెయ్యవద్దని వాళ్లకు నా మనవి. పైపొరను ఎన్నో ఏళ్ల గాలి చెక్కి ఉండవచ్చు. తట్టి వినండి. లోపల ఇంకో పొర ఉంటుంది. అక్కడి రాళ్లు నీళ్ల సంగతి మాట్లాడుకుంటాయని మా కర్నూల్లో పన్నెండేళ్ల పిల్ల ఒకతి, ఒక మిద్దె మీద కూర్చుని చెప్పింది. మా పెరటి బండ మీద ఇప్పుడు బట్టలు ఉతకడం మానేశాం. అంచుల్లో మిగిలిన నాలుగు అలలు చాలు. వాన వస్తే జానకి తలుపు తీసుకుని బయటికి వెళుతుంది.

ఆ దారిన పోయేవాళ్లకు ఒక్క సలహా. గనిలో రాయి పని చెప్పేటప్పుడు, చేయవలసిన పనితోపాటు చేయకూడని పని కూడా నోరు తెరిచి చెప్పండి. ఎందుకు కావాలో కూడా చెప్పండి, చెప్పడం ఎంత కష్టమైనా సరే. చెప్పి, పని అయ్యేదాకా అక్కడే కూర్చోండి. గండికోట ఎక్కడికీ పోదు, మరునాడు చూడవచ్చు.